మూడు అక్టోబర్లు

మొన్న దసరా సెలవులకి ఢిల్లీ వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంటిల్లిపాదీ ఆగ్రాకి బయల్దేరాం. గ్రేటర్ నోయిడా దాటి యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద కొంత దూరం పోయామో లేదో, పొలాలకి అవతల బూడిదరంగు పొగమంచులో పెద్ద స్టాండు కప్పు కనపడింది. "అదేనా నాన్నా?" అంది మా అమ్మాయి. అదే, కార్ల రేసుల ట్రాక్, బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. ఆ రోడ్డు మీద కారు ఆపనివ్వరు కాబట్టి కళ్ళారా చూసే వీలు లేకపోయింది. కానీ ఆ కాస్త చూపుకే పాత రోజులన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. ఆగ్రా చేరేదాకా చెబుతూనే ఉన్నాను. చెప్పగా మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ఫార్ములా వన్ మన దేశానికి 2011లో వచ్చింది, 2013లో వెళ్ళిపోయింది. ఇక్కడ జరిగిన ఆ కార్ల రేసు పేరు ఇండియన్ గ్రాండ్ ప్రి, దాని చరిత్ర మొత్తం మూడు అక్టోబర్లు. మూడుసార్లూ నేను అక్కడ మార్షల్‌గా ఉన్నాను. ట్రాక్ పక్కన ఆరెంజ్ ఓవరాల్స్ వేసుకుని, చేతిలో జెండాతో నిలబడేవాళ్ళని టీవీలో చూసే ఉంటారు. వాళ్ళలో ఒకణ్ణి.

ఈ పిచ్చి నాకు షోలవరంలో పట్టింది. మాది నాయుడుపేట. నాన్న లారీ మెకానిక్. నెల్లూరు నుంచి మద్రాసు పోయే రోడ్డులో, రెడ్ హిల్స్ ఇంకా రాకముందే షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటి అక్కడ ఉండేది. విమానాలు మానేసిన ఆ రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు రేసులు నడిపేవాళ్ళు. సంక్రాంతి వెళ్ళి చలి తగ్గాక ఒక ఆదివారం పొద్దున్నే, ఇంకా చీకటుండగానే నాన్న లేపేవాడు. "అబ్బయా, లెయ్యి. లారీ బయల్దేరతా ఉంది." మద్రాసుకి లోడు తీసుకుపోయే ఏదో ఒక లారీ క్యాబిన్‌లో డ్రైవరుకీ నాన్నకీ మధ్య ఇరుక్కుని కూర్చునేవాణ్ణి. తడ దగ్గర టీ, ఇంకాస్త ముందుకి పోయాక ఇడ్లీ.

ట్రాక్ అంచున గడ్డి మోపులు పేర్చి ఉండేవి. అవే గోడ, అవే రక్షణ. "తాడు కాడికి పోబాకు" అని నాన్న నా నిక్కరు పట్టీ పట్టుకుని నిలబడేవాడు. మోటార్ సైకిళ్ళ రేసు మొదలయ్యేసరికి నీలం పొగతో పాటు ఒక వాసన వచ్చేది. అవ్వ తలకి రాసే ఆముదం వాసన. రేసు బండ్లకి పోసే ఆయిల్లో ఆముదం ఉంటుందని నాన్న చెప్పాకే తెలిసింది. ఆ వాసనా, ఎండకి కాగిన సిమెంటూ, చెరకురసం బండీ కలిసిపోయి ఉండేవి అక్కడ. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఆముదం సీసా మూత తీస్తే నాకు అవ్వ కంటే ముందు షోలవరమే గుర్తొస్తుంది.

నాన్న రేసుని చూసేవాడు కాదు, వినేవాడు. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వంచి, "అది యెజ్డీ. అది ఆర్డీ. అదిగో, ఆ వెనకవస్తా ఉండేదానికి ప్లగ్గు కొట్టేస్తా ఉంది, ఇంకో రౌండు కూడా రాదు" అనేవాడు. నిజంగానే ఆ బండి రాదు. చుట్టూ ఉన్న తమిళ కుర్రాళ్ళు నాన్న వైపు వింతగా చూస్తుంటే నాకు గర్వంగా ఉండేది.

ఒక ఏడు జనమంతా ఒకే వైపు పరుగెత్తారు. ఎన్‌సైన్ అనే అసలు సిసలు ఫార్ములా వన్ కారు వచ్చిందన్నారు. నడిపేవాడు విజయ్ మాల్యా, అప్పటికి ఇంకా కుర్రాడు. పాతబడిన కారే, కానీ అది మా ముందు నుంచి పోయినప్పుడు నా పళ్ళు జిలపుట్టాయి. నాన్న మొదటిసారి కళ్ళు తెరిచి చూశాడు. చాలా ఏళ్ళకి అదే మాల్యా ఫోర్స్ ఇండియా టీం యజమానిగా నోయిడా పిట్‌లేన్‌లో తిరుగుతుంటే దూరం నుంచి చూసి నాకు కార్ల కంటే ముందు ఆ గడ్డి మోపులు మెదిలాయి.

తర్వాత చెన్నైలో అంబత్తూరులో ఉద్యోగం. షోలవరం మూతబడి, రేసులు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కట్టిన ట్రాక్‌కి మారాయి. శని ఆదివారాలు అక్కడ మార్షల్‌గా వెళ్ళేవాణ్ణి. జీతం ఉండదు. ఒక టోపీ, మధ్యాహ్నం సాంబారన్నం ప్యాకెట్టు, కార్ల పక్కన నిలబడే హక్కు. నేర్పిన పెద్దాయన ముందుగా చెప్పింది ఒకటే మాట: కారు వచ్చే వైపుకి ఎప్పుడూ వీపు పెట్టొద్దు. ఆ తర్వాతే జెండాలు. పసుపు అంటే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించు. పసుపు మీద ఎర్ర చారలంటే రోడ్డు జారుతుంది. తెలుపు అంటే ముందు నెమ్మదిగా పోయే బండి ఉంది. నీలం అంటే వెనక నీకంటే వేగంగా వచ్చేవాడున్నాడు, దారి ఇవ్వు. కోయంబత్తూరు కరివర్ధన్ తయారు చేసిన చవక సింగిల్ సీటర్లు, ఫార్ములా మారుతీలు, అక్కడ తిరిగేవి. మారుతీ ఇంజను పెట్టిన చిన్న కార్లు. తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్ళిన నరేన్ కార్తికేయన్ లాంటివాళ్ళు అలాంటి బండ్లలో మొదలుపెట్టి పైకొచ్చినవాళ్ళే.

ఈలోగా ఫార్ములా వన్ ఇదిగో అదిగో అన్నారు. చంద్రబాబు ముఖ్యమంత్రిగా ఉండగా హైదరాబాదు పక్కన గోపనపల్లి దగ్గర ట్రాక్ కడతారని పేపర్లో వచ్చింది. నాన్న ఆ పేపరు కటింగు షెడ్డు గోడకి అంటించాడు. "మనూరికే వస్తాదంట రా" అన్నాడు, నాయుడుపేటకి హైదరాబాదు ఎంత దూరమో ఆలోచించకుండా. ప్రభుత్వం మారింది, ఆ మాట మళ్ళీ వినపడలేదు. కటింగు మాత్రం గ్రీజు మరకలతో చాలా కాలం అలాగే ఉండిపోయింది.

*

2011లో దీపావళి అయిన నాలుగో రోజున మొదటి రేసు. మేం అంతకు ముందే చేరుకున్నాం. గాలిలో టపాసుల పొగ ఇంకా పోలేదు. తెల్లవారుజామున బస్సులో పోతుంటే ముందున్న బస్సు వెనక లైట్లు తప్ప ఏమీ కనపడేవి కావు. చెన్నై వాళ్ళం చాలామందిమి ఉన్నాం. బయటి దేశాల నుంచి వచ్చిన అనుభవజ్ఞులు కొందరు మాతో కలిసి పని చేశారు. కొత్తగా పరిచిన తారు వాసన, ఇంకా ఆరని పెయింటు వాసన. ట్రాక్ బాగుంది. ఈ మాట నేను గట్టిగా చెబుతాను. హెర్మన్ టిల్కే గీసిన ట్రాకులన్నీ ఒకేలా ఉంటాయని విసుక్కునేవాళ్ళు కూడా దీన్ని మెచ్చుకున్నారు. అయిదు కిలోమీటర్ల పైచిలుకు, 16 మలుపులు. మూడో మలుపు దగ్గర ఎత్తు ఎక్కి, అక్కణ్ణుంచి కిలోమీటరుకి మించిన తిన్నని దారి. పది, పదకొండు మలుపులు కలిసి గిన్నె అంచులా వాలుగా తిరుగుతాయి. డ్రైవర్లకి బాగా నచ్చింది అదే.

ఆ నేల ఎవరిదో కూడా మర్చిపోకూడదు. మా పోస్టుకి మంచినీళ్ళు తెచ్చే కుర్రాడు పక్క ఊరివాడు. అదుపు తప్పిన కార్లు ఆగడానికి ట్రాక్ పక్కన వదిలిన రన్ ఆఫ్‌లో పోసిన కంకర చూపించి, "ఇక్కడ మాకు గోధుమ పండేది భయ్యా" అన్నాడు. కోపంగా అనలేదు, ఊరికే చెప్పాడు. ఆ ఏడు వేసవిలోనే ఆ చుట్టుపక్కల భట్టా పర్సౌల్‌లో ఎక్స్‌ప్రెస్‌వేకి తీసుకున్న భూముల గురించి రైతులు గొడవపడితే కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అతను మాత్రం మూడు రోజులూ మా కంచె వెనకే నిలబడి కార్లు చూశాడు. ఏ కారు ఏ టీందో మాకంటే త్వరగా చెప్పేవాడు.

శుక్రవారం పొద్దున మొదటి ప్రాక్టీసు. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ప్రపంచమంతా చూస్తోంది, ట్రాక్ మీదికి కుక్క వచ్చింది. ఎర్ర జెండా ఎగిరింది, సెషన్ ఆగింది. అది మా పోస్టుకి దూరంగా జరిగింది, రేడియోలో విన్నాం. బయటి పత్రికలు ఆ కుక్క బొమ్మే వేశాయని తర్వాత తెలిసి మావాళ్ళు చాలా బాధపడ్డారు. అంత పెద్ద ఆవరణని రాత్రింబవళ్ళు కాపలా కాసినవాళ్ళ కష్టం నాకు తెలుసు.

తర్వాత ఆ శబ్దం. టీవీలో విన్నది శబ్దమే కాదు. 2.4 లీటర్ల వీ8 ఇంజను నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ వస్తుంటే ముందు చెవికి కాదు, రొమ్ముకి తగులుతుంది. చెవుల్లో దూది, దాని మీద మఫ్లర్లు పెట్టుకున్నా ఆగదు. బ్రేకు తొక్కి గేర్లు దింపేటప్పుడు టపటపా పేలుతుంది, మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కగానే కీచుమని సాగి పొగమంచులోకి పోతుంది. తారు మీద దుమ్ము ఇంకా వదల్లేదేమో, లైను తప్పిన ప్రతి కారూ వెనక మట్టి మేఘం లేపుకుంటూ పోయేది. సాయంత్రం ఓవరాల్స్ దులిపితే చేటెడు దుమ్ము.

ఆదివారం రేసుకి ముందు ఒక నిమిషం మౌనం పాటించాం. ఆ నెలలోనే కార్ల రేసర్ డాన్ వెల్డన్, మోటార్ సైకిల్ రేసర్ మార్కో సిమొంచెల్లి ఇద్దరూ రేసుల్లో చనిపోయారు. దాదాపు 95,000 మంది జనం ఒక్కసారిగా నోరు మెదపకుండా నిలబడితే ఎలా ఉంటుందో అంతకు ముందు నాకు తెలియదు. మార్షల్‌కి ఆ నిమిషం మరీ బరువు. ఏదైనా జరిగితే ముందు పరుగెత్తేది మనమే కదా.

నాకు ఇచ్చింది నీలం జెండా. మన నరేన్ నడిపేది హెచ్ఆర్టీ అనే టీం కారు, ఆ ఏడు అన్నిటికంటే నెమ్మదైన బండ్లలో ఒకటి. స్టాండుల్లో జనమంతా అతని కోసం గొంతు చించుకుంటున్నారు. అతను వస్తుంటే దారివ్వమని నీలం జెండా ఊపాల్సింది నేను. వెటెల్‌కి దారివ్వు, బటన్‌కి దారివ్వు, అలోన్సోకి దారివ్వు. ఇరుంగాట్టుకోట్టైలో అతని చిన్నప్పటి నుంచీ నేను చూసిన మనిషి. ఒకసారి మలుపులో అతను సరిగ్గా నా జెండాకి ఎదురుగా లోపలి లైను వదిలి పక్కకి తప్పుకున్నాడు. హెల్మెట్ అద్దంలో ఏమీ కనపడదు. కానీ ఎంత మర్యాదగా, ఎవరి టైమూ పాడుచెయ్యకుండా తప్పుకున్నాడంటే, పక్కన ఉన్న ఇంగ్లీషు మార్షల్ నా భుజం తట్టి బొటనవేలు ఎత్తాడు. నరేన్ విజేతకి మూడు ల్యాపులు, అంటే మూడు చుట్లు వెనకగా, 17వ స్థానంలో ముగించాడు. ఆ కారుతో సొంత గడ్డ మీద రేసు పూర్తి చెయ్యడం గెలుపు కంటే తక్కువేమీ కాదని నేను ఇప్పటికీ వాదిస్తాను.

గెలిచింది వెటెల్. పోల్, అంటే అందరికంటే ముందు నిలబడి మొదలుపెట్టే చోటు అతనిదే, ఫాస్టెస్ట్ ల్యాప్ అతనిదే, ఒక్క ల్యాపు కూడా ముందు స్థానం వదల్లేదు. మాసా అనే డ్రైవరు శనివారం, ఎవరు ఏ చోటు నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో ఒకసారి, ఆదివారం రేసులో ఇంకోసారి ట్రాక్ అంచు గట్టు వెనక ఆరెంజ్ దిమ్మెలు ఎక్కి సస్పెన్షన్ విరగ్గొట్టుకున్నాడు. మధ్యలో హామిల్టన్‌తో గుద్దులాట. చివర్లో చెకర్డ్ ఫ్లాగ్ ఊపింది సచిన్. అది చూసిన నాన్న రాత్రి ఫోన్ చేసి, "మన సచిన్‌కి కూడా మీ జెండా ఇచ్చినారే" అన్నాడు. ఆ తర్వాత, "టీవీలో ఇంజను సౌండు సరిగా రాలా. డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టుంది" అన్నాడు.

*

2012 గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. జనం బాగా తగ్గారు. వెటెలే గెలిచాడు. మొదటి మలుపు దగ్గర వెర్న్ అనే కుర్రాడి కారు తగిలి షుమాకర్ టైరు పోయింది. షుమాకర్‌కి అది ఇక్కడ చివరి రేసు. ఆ వెర్న్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

రేసు ఎందుకు పోయిందని అడిగేవాళ్ళందరూ జనం రాలేదంటారు. అది సగం మాటే. నేను చూసినంతలో దాన్ని చంపింది కాగితాలు. క్రీడల మంత్రిత్వ శాఖ దీన్ని ఆట కింద ఒప్పుకోలేదు, వినోదం అంది. ఆట కాకపోతే కస్టమ్స్ మినహాయింపు లేదు. వినోదమైతే వినోదపు పన్ను. మొదటి ఏడే ఆ గొడవ సుప్రీంకోర్టుకి పోయింది. టికెట్ల డబ్బులో 25 శాతం విడిగా దాచమంది కోర్టు. ప్రతి ఇంజను, ప్రతి టైరు, ప్రతి స్పానరు లెక్క రాసి లోపలికి తేవాలి, లెక్క చూపి బయటికి పంపాలి. మన దేశంలో సంపాదించినదానికి ఆదాయపు పన్ను కట్టమన్నారు, అది కూడా కోర్టుకెక్కింది. 2017లో సుప్రీంకోర్టు ఫార్ములా వన్ వాళ్ళకి ఆ ట్రాక్ స్థిర వ్యాపార కేంద్రం కిందే లెక్క, పన్ను కట్టాల్సిందే అని తేల్చింది. అప్పటికి రేసు పోయి నాలుగేళ్ళు. ఈ దేశంలో వ్యాపారం చేసినవాళ్ళు పన్ను కట్టడం న్యాయమే. కానీ వందల మంది ప్రాణాలకి తెగించి చేసే పనిని ఆట కాదు అనడం మాత్రం నాకు ఎన్నటికీ మింగుడు పడదు. పైగా ట్రాక్ కట్టింది జేపీ గ్రూపు, నడిపించాల్సిందీ వాళ్ళే, ఏటా ఫీజు కట్టాల్సిందీ వాళ్ళే. మిగతా దేశాల్లో చాలాచోట్ల ప్రభుత్వాలు మోసే బరువు ఇక్కడ ఒక ప్రైవేటు కంపెనీ మోసింది. ఆ కంపెనీయే తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది.

*

2013కి నాన్నని పిలిపించాను. అప్పటికే వచ్చే ఏడు ఇండియా రేసు లేదని ఖాయమైంది. 2015లో మళ్ళీ ఉంటుందన్నారు. అప్పటికి నాన్న నడుస్తాడో లేదో అని పట్టుబట్టి తీసుకొచ్చాను. గూడూరులో రైలెక్కిస్తే మా తమ్ముడితో కలిసి దిగాడు, పంచె మీద స్వెటరు, చేతిలో అమ్మ చేసిన అరిసెల డబ్బా. తక్కువ ధర టికెట్ స్టాండులో కూర్చోబెట్టాను. నేను పోస్టులో ఉంటాను కాబట్టి కలిసి చూసే వీలు లేదు. ఫోన్లు మా దగ్గర ఉండనివ్వరు. సాయంత్రం గేటు దగ్గర కలిసినప్పుడే మాట.

శనివారం సాయంత్రం కలిసీ కలవగానే అడిగాడు: "మొత్తం నాలుగు రకాల ఇంజన్లుండాయి కదా?" నేను ఆగిపోయాను. ఆ ఏడు రేసు కార్లలో రెనో, ఫెరారీ, మెర్సిడెస్ ఇంజన్లు. మారుసియా కార్లకి మాత్రం కాస్వర్త్. సరిగ్గా నాలుగే. ఎవరైనా చెప్పారేమో అని తమ్ముణ్ణి చూశాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "ఆ నలుపూ ఎరుపూ కారొకటుందే, దాని గొంతు మిగతా మూటితో కలవదు" అన్నాడు నాన్న. షోలవరంలో నా నిక్కరు పట్టీ పట్టుకుని నిలబడ్డ మనిషి, డెబ్భై దాటాక, పేర్లు కూడా పలకలేని ఇంజన్లని చెవితో విడదీసి చెప్పాడు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఏ రేసులోనూ కలగలేదు.

ఆదివారం వెటెల్ గెలవడమే కాదు, నాలుగో ప్రపంచ టైటిల్ కూడా అక్కడే ఖాయం చేసుకున్నాడు. రేసయ్యాక నియమం ప్రకారం కారు లోపలికి తీసుకుపోవాలి. అతను మెయిన్ స్టాండు ముందు ఆపి, గిర్రుగిర్రున తిప్పి, తెల్లటి రబ్బరు పొగ లేపాడు. కారు దిగి దాని ముందు మోకరిల్లి దణ్ణం పెట్టాడు. గోడెక్కి గ్లోవ్స్ జనంలోకి విసిరాడు. అధికారులు మందలించారు, టీంకి 25,000 యూరోల జరిమానా వేశారు. రేడియోలో మాకు పోస్టులు వదలొద్దని ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. ఆ కాలిన రబ్బరు వాసన మా పోస్టు దాకా వచ్చింది. ఆ సీజన్‌తోనే వీ8 ఇంజన్లూ అయిపోయాయి. తర్వాతి ఏడు 1.6 లీటర్ల టర్బో హైబ్రిడ్లు వచ్చాయి. నాన్న విన్న శబ్దం ఆ రూపంలో ఇక ఏ దేశంలోనూ రేసుకి రాలేదు.

2015 వచ్చింది, రేసు రాలేదు. నాన్న ఆ తర్వాత కొన్నేళ్ళే ఉన్నాడు.

*

2023లో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ పెట్టినప్పుడు మా అమ్మాయిని తీసుకెళ్ళాను. ఎన్టీఆర్ గార్డెన్స్, నెక్లెస్ రోడ్డు, సెక్రటేరియట్ చుట్టూ 2.83 కిలోమీటర్ల ట్రాక్. గెలిచినవాడు జాన్ ఎరిక్ వెర్న్. అవును, 2012లో షుమాకర్‌కి తగిలిన ఆ కుర్రాడే. కరెంటు కార్లకి ఆ గర్జన లేదు, ఈలలాంటి సన్నటి రాగం ఉంది. మా అమ్మాయికి అదే నచ్చింది. "టైర్ల చప్పుడు కూడా వినపడుతోంది నాన్నా, నీ కార్లకి అది వినపడేదా?" అంది. వినపడేది కాదు, నిజమే. తర్వాతి ఫిబ్రవరికి రావాల్సిన రేసు, ప్రభుత్వం మారాక జనవరిలోనే రద్దయింది. అదే 2023 సెప్టెంబరులో బుద్ధ్ సర్క్యూట్‌లో మోటార్ సైకిళ్ళ రేసు మోటోజీపీ జరిగింది, బెజెక్కి గెలిచాడు. ఎండ తట్టుకోలేక రేసు ల్యాపులు తగ్గించారు. 2024లో అదీ లేదు.

మాతో నోయిడాలో పని చేసిన కుర్రాళ్ళు కొందరు ఇప్పుడు బయటి దేశాల రేసులకి మార్షల్స్‌గా సొంత ఖర్చుతో పోయి వస్తున్నారు. జెండా పట్టడం, కారు ఎత్తడం, డ్రైవర్ని బయటికి తియ్యడం అన్నీ అక్కడ నేర్చుకున్నవే. ఇంట్లో రేసు లేక ఊరూరా తిరుగుతున్నారు. మా అమ్మాయికి మొన్ననే పద్దెనిమిది నిండాయి. ఆగ్రా నుంచి వచ్చాక ఇరుంగాట్టుకోట్టైలో మార్షల్ శిక్షణకి తనూ పేరిచ్చింది. ఓవరాల్స్ కొలతలు ఈ శనివారంలోపు పంపాలట.